అవ్వ చెయ్యి లేచేదాకా

మా అవ్వ ఏడు అనే అంకెను నోటితో పలకగా నేనెప్పుడూ వినలేదు. అవ్వ అంటే అమ్మ. మా నల్గొండ దిక్కు తల్లిని అవ్వ అనే పిలుస్తాం. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. చిన్నప్పుడు ఎల్బీనగర్ బడి గేటు దగ్గర నేను "అవ్వా" అని కేక వేయడం విని, కోస్తా వాళ్ల పిల్లవాడొకడు "మీ నాయనమ్మ వచ్చిందిరా" అన్నాడు. వాడు నా చేతిలో తిన్న దెబ్బలు వాడికి ఇప్పటికీ గుర్తుండే ఉంటాయి.

ఏడు అంటే అంకె, ఏడవమని చెప్పడం కూడా. అందుకే మా ఊళ్లో వడ్లు కొలిచేటప్పుడు ఆరు తర్వాత ఆరున్నొక్కటి అనేవాళ్లు. మొదట కూడా ఒకటి అనకుండా లాభం అని మొదలుపెట్టేవాళ్లు. చాలా ఊళ్లలో ఉన్న పద్ధతే. కొలత అయిపోగానే అందరూ మామూలుగా ఏడు అనేవాళ్లు. మా అవ్వ మాత్రం కొలతకూ మిగతా బతుకుకూ తేడా పెట్టుకోలేదు. ఆమె ఫోన్ నంబరులో రెండు ఏడులుండేవి. ఎవరైనా అడిగితే ఆ రెండు చోట్లా ఆరున్నొక్కటి అని చెప్పేది. వాళ్లు ఆరు, ఒకటి అని రాసుకునేవాళ్లు. తర్వాత ఫోన్ కలవలేదని వచ్చి మా మీద పడేవాళ్లు. నేను ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్క లేదు.

"ఏడు అంటే నీ సొమ్మేం పోతది అవ్వా?" అని అడిగితే, "నా నోరు నా ఇష్టం. రాసుకునుడు రానోళ్లకు నేనేం జేయాలె?" అనేది.

వడ్ల దగ్గర నేర్చుకున్న ఆ లెక్క కాంక్రీటు దగ్గరికి ఎట్లా వచ్చిందో చెప్తాను. నాకు మూడేళ్లప్పుడు మా నాయన, అవ్వ పని వెతుక్కుంటూ ఎల్బీనగర్ వచ్చారు. నాయన మిల్లర్ తిప్పడం నేర్చుకున్నాడు. మిల్లర్ అంటే కంకర, ఇసుక, సిమెంటు, నీళ్లు వేసి తిప్పే డ్రమ్ము. అవ్వ రోజూ పొద్దున చౌరస్తాలో పని కోసం నిలబడి, కంకర తట్ట మోసింది. స్లాబ్ వేసే రోజు ఇరవై మందికి తక్కువ కాకుండా ఉండేవాళ్లు. బస్తా సిమెంటుకు ఐదు తట్టల ఇసుక, తొమ్మిది తట్టల కంకర. మోసేవాళ్లు ముచ్చట్లలో పడి లెక్క తప్పితే మాల్ చెడిపోతుంది. కలిసిన కాంక్రీటును మేం మాల్ అంటాం. అందుకని మిల్లర్ నోటి దగ్గర ఒక మనిషి నిలబడి, పడిన ప్రతి తట్టకూ గట్టిగా లెక్క చెప్పాలి. ఒకనాడు ఆ మనిషి రాలేదు. మేస్త్రి అటూ ఇటూ చూసి అవ్వను నిలబెట్టాడు. ఆ రోజు నుంచి ఇరవై ఏళ్లకు పైగా ఆ చోటు అవ్వదే.

ఆమె గొంతు డీజిల్ ఇంజను మోత మీదుగా మూడో ఇంటికి వినిపించేది. కొత్తగా పనికి వచ్చినవాళ్లెవరైనా నోరు జారి ఏడు అన్నారా, అంతే. ఆ తట్ట కంకర వెనక్కి తీయమనేది. డ్రమ్ములో పడి తిరుగుతున్న కంకరను ఎవరు తీస్తారు? అందరూ నవ్వేవాళ్లు. అవ్వ నవ్వేది కాదు. పొద్దున కొట్టిన కొబ్బరికాయ నీళ్లు చిప్పలో దాచిపెట్టుకునేది. అవి నాలుగు చుక్కలు ఆ మాల్ మీద చల్లితే గానీ పైకి పోనిచ్చేది కాదు.

"మనం పోసేది ఒకరి నెత్తి మీది కప్పురా. దాని కింద వాళ్లు పండుకోవాలె, పిల్లల గనాలె. ఏడుపు కలిపి పోస్తమా?" అనేది.

నాయన నా ఇంటర్ అయిన ఏడాది పోయాడు. మిల్లర్ హ్యాండిల్ నా చేతికి వచ్చింది. అవ్వ అదే చోట నిలబడి అదే లెక్క చెప్పేది. పనిలో ఉన్నంతసేపు నన్ను కొడుకా అని పిలిచేది కాదు, మిల్లరాయన అనేది. అందరి ముందు ఆ పిలుపుకు నాకు గర్వంగా ఉండేది.

ఆరేళ్ల కిందట నేను సెకండ్ హ్యాండులో ఒక మిల్లర్ బండి తీసుకున్నాను. దానికి కంపెనీ వాళ్లు పెట్టిన పేరు పొడుగైనది, మా వాళ్లెవరికీ నోరు తిరగదు. నాలుగు చక్రాల మీద తనే నడుస్తుంది. ముందున్న పెద్ద బకెట్‌తో కుప్పలోంచి కంకర తనే ఎత్తుకుంటుంది. వీపు మీద ఉన్న డ్రమ్ములో వేసుకుని తిప్పుతుంది. ఇంటి గేటు ముందే తాజా మాల్ తయారవుతుంది. అక్కణ్నుంచి మాల్ ఎత్తే లిఫ్టులో పైకి పోతుంది. రెడీమిక్స్ లారీ దూరలేని మన్సూరాబాద్ గల్లీల్లో కూడా నా బండి దూరేది. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాల కింద దాన్ని మెల్లగా నడుపుకుంటూ పోతుంటే వెనక బస్సు డ్రైవర్లు హారన్ మీద చెయ్యి తీసేవాళ్లు కాదు. చైతన్యపురి దగ్గర కోచింగ్ పిల్లలు పుస్తకాలు చంకలో పెట్టుకుని నోరు తెరిచి చూసేవాళ్లు. నేను మాత్రం రాజులాగా కూర్చునేవాడిని. ఇప్పుడు తలచుకుంటే ఆ కూర్చున్నవాడిని చెంప మీద ఒకటి కొట్టాలనిపిస్తుంది.

ఎందుకంటే బండి వచ్చాక ఇరవై మందితో పని లేకుండా పోయింది. ఐదారుగురు చాలు. అవ్వతో పాటు ఏళ్ల తరబడి తట్టలు మోసిన ఆడవాళ్లను నేనే పిలిచి, ఇక రావొద్దని చెప్పాను. కొందరు చైతన్యపురి హాస్టళ్లలో గిన్నెలు తోమడానికి కుదిరారు. ఇద్దరు ఊరికి పోయారు. వాళ్లలో ఒకామె అవ్వ ముందే, "నీ కొడుకు మా పొట్ట మీద బండి ఎక్కిచ్చిండక్కా" అన్నది. అవ్వ లేచి, ఆమె చెయ్యి పట్టుకుని బస్టాపు దాకా పోయి వచ్చింది. ఆ రాత్రి నాతో మాట్లాడలేదు, మర్నాడు మాట్లాడింది.

అవ్వను కూడా ఇంట్లో కూర్చోమన్నాను. అప్పటికే అరవై దాటాయి. "కూసుంటే సస్త" అన్నది. అయితే నా బండిలో ఒక లోపం ఉంది. ఈ బండ్లలో డ్రమ్ములో ఎంత బరువు పడిందో కిలోల్లో చూపించే చిన్న తెర ఉంటుంది. నా బండిలో అది నేను కొనకముందే పాడైపోయింది. డ్రమ్ముకు నాలుగు బకెట్ల ఇసుక, ఎనిమిది బకెట్ల కంకర పడాలి. లీవర్లు లాగుతూ, బండిని ముందుకూ వెనక్కూ తిప్పుతూ, ఎదురింటి ప్రహరీకి తగలకుండా చూసుకుంటూ నేను లెక్క పెట్టుకోలేను. పెట్టుకున్నా మధ్యలో ఎవరో ఫోన్ చేస్తే మర్చిపోతాను. లెక్క చెప్పే మనిషి కావాల్సిందే. అవ్వ మళ్లీ తన చోటికి వచ్చింది.

కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. తలకు తువ్వాలు చుట్టుకుని, కంకర కుప్పకు పది అడుగుల దూరంలో నిలబడేది. బకెట్ పడ్డప్పుడల్లా గట్టిగా చెప్పేది. బండి మోతలో ఆ గొంతు నాకు వినిపించేది కాదు, పెదవులు కదలడం మాత్రం కనిపించేది. ఇసుకకు నాలుగు, కంకరకు ఎనిమిది కాగానే కుడి చెయ్యి పైకెత్తేది. అది చూసి నేను ఆపేవాడిని. ఆ చెయ్యి లేచేదాకా ఎత్తుతూనే ఉండేవాడిని. నాలుగేళ్ల పాటు ఒక్క బకెట్ ఎక్కువ కాలేదు, ఒక్కటి తక్కువ కాలేదు.

మన్సూరాబాద్‌లో ఒక రిటైర్డ్ లెక్కల లెక్చరర్ ఇల్లు కట్టుకున్నారు. గుంటూరు వైపు మనిషి. ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా మాట మారలేదు. ఆయన మొదటి స్లాబ్ రోజు పొద్దున్నే గొడుగు వేసుకుని వచ్చి అవ్వ పక్కన నిలబడ్డారు. నాలుగు డ్రమ్ములు పోసేదాకా విని, టీ తాగడానికి బండి ఆపగానే అడిగారు.

"ఏమ్మా, ఆరు తర్వాత ఏడు కదా రావాలి? ఆరున్నొక్కటి అంటున్నారేంటి?"

"గా మాట మంచిగుండదు సారు."

"అంకెల్లో మంచీ చెడూ ఏముంటాయమ్మా? నలభై ఏళ్లపాటు పిల్లల చేత ఏడో ఎక్కం అప్పజెప్పించాను నేను."

"మరి ఆ పిల్లలు ఏడ్వలేదా సారు?"

ఆయనకు పొలమారింది. అవ్వ టీ గ్లాసు కింద పెట్టి, "ఇల్లు మీది. మీరు అనుమంటే ఇప్పుడే అంట" అన్నది. ఆయన కట్టాల్సిన ఇంటి వైపు ఒకసారి, అవ్వ వైపు ఒకసారి చూసి, "వద్దులెండి. మీ లెక్కే కానివ్వండి" అన్నారు. మేమందరం చాలా రోజులు ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నాం.

ఎనిమిది నెలల తర్వాత ఆయన రెండో స్లాబ్‌కు మళ్లీ మమ్మల్నే పిలిచారు. ఆ రోజు మూడో డ్రమ్ము నింపుతున్నాను. అవ్వ చెయ్యి లేవలేదు, నేను ఎత్తుతూనే ఉన్నాను. లెక్చరర్ గారు బండి దగ్గరికి వచ్చి తలుపు మీద గొడుగుతో తట్టారు.

"ఒక్కసారి ఆపు బాబూ. మీ అమ్మగారు మూడు అనడం ఈ డ్రమ్ము కంకరకే రెండుసార్లు విన్నాను."

నాకు మండింది. "మా అవ్వ లెక్క తప్పదు సారు. మీరు జర పక్కకు జరుగుండ్రి, బండి తగుల్తది" అన్నాను. ఆయన జరగలేదు. అంతలో డ్రమ్ము నోట్లోంచి కంకర రాళ్లు వెనక్కి దొర్లి నేల మీద పడ్డాయి. అంత నిండిపోయిందన్నమాట. నాలుగేళ్లలో ఎప్పుడూ అట్లా జరగలేదు.

ఆ మాల్ పక్కనున్న ఖాళీ ప్లాటులో పోసేశాను. స్లాబ్ మధ్యలో ఎక్కువసేపు ఆగకూడదు. లిఫ్ట్ దగ్గర పనిచేసే పెద్దాయనకు బండి నడపడం వచ్చు. ఆయన్ని బండెక్కించి, అవ్వ చెయ్యి లేచినా లేవకున్నా కంకర ఎనిమిది బకెట్లకే ఆపమని చెప్పాను. నేను పోయి అవ్వ వెనక నిలబడ్డాను. ఆమె నన్ను చూడలేదు. బకెట్ పడింది.

"లాభం" అన్నది అవ్వ. ఎప్పటి గొంతే. "రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు. ఆరున్నొక్కటి."

ఎనిమిదో బకెట్ పడింది.

"రెండు" అన్నది.

బండి ఆగింది. అవ్వ కాసేపు ఎదురుచూసింది. తర్వాత విసుగ్గా తల తిప్పి నన్ను చూసింది. "ఏందిరా, ఆపిండు? ఇంక ఆరు పడాలె గదా."

ఆ లెక్కలో తప్పు లేదు. రెండు నుంచి ఎనిమిదికి ఆరే పడాలి. ఆరున్నొక్కటి అన్నప్పుడు చివర్లో ఒక్కటి ఉంది కదా, అక్కడ ఆమె మనసు జారింది. ఒకటి తర్వాత రెండు వస్తుంది. అందరిలాగా ఏడు అని ఉంటే నాలుక దానంతట అదే ఎనిమిదికి పోయేదేమో. నాకు ముందు కోపం వచ్చింది. ఆమె మీద, ఆ పాత పద్ధతి మీద, పొద్దున్నే గొడుగు వేసుకుని వచ్చిన ఆ లెక్చరర్ మీద కూడా. భయం తర్వాత వచ్చింది.

"ఎనిమిది అయినయ్ అవ్వా" అన్నాను.

"యాడైనయ్? నేను జెప్పిన్నా ఎనిమిదని?"

లెక్చరర్ గారు గొడుగు మడిచి అవ్వ పక్కకు వచ్చారు. "నాకూ నేర్పండమ్మా మీ లెక్క. ఇద్దరం కలిసి చెబుదాం" అన్నారు. అవ్వ ఆయన్ని ఎగాదిగా చూసి ఒప్పుకున్నది. సాయంత్రం దాకా ఆయన ఎండలో నిలబడి ఆమెతో గొంతు కలిపారు. ఆరు తర్వాత ఆయన కూడా ఆరున్నొక్కటి అన్నారు. ఆ వెంటనే ఎనిమిది అని కొంచెం గట్టిగా, కొంచెం ముందుగా అనేవారు. అవ్వ ఆయన వెంట అనేది, చెయ్యెత్తేది. ఆ రోజు పొద్దున నేను కసిరిన మనిషి ఆయనే. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ తర్వాత కూడా అడగలేదు.

ఆ వారమే అవ్వను దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ చాలా ప్రశ్నలు అడిగింది. ఏ వారం, ఏ నెల, పొద్దున ఏం తిన్నారు. అవ్వ కొన్ని చెప్పింది, కొన్నింటికి నా ముఖం చూసింది. చివరికి డాక్టరమ్మ, "నూట్లోంచి ఏడు తీసేయండమ్మా. ఎంత మిగుల్తది? మళ్లీ దాంట్లోంచి ఏడు తీయండి" అన్నది. అవ్వ చెవులు మూసుకున్నంత పని చేసింది. "దవాఖానల గా మాట అనకు బిడ్డా. బయట మంది ఉన్నరు" అన్నది. డాక్టరమ్మ కాగితం మీద ఏదో కొట్టేసింది.

"ఆమెకు లెక్క వస్తది మేడం. ఆ మాట ఒక్కటే పలకదు" అని నేను గొడవ పెట్టుకున్నాను. డాక్టరమ్మ ఓపికగా విన్నది. ఆ ఒక్క ప్రశ్నతో తేల్చే సంగతి కాదనీ, మరుపు మొదలై రెండేళ్లయినా అయి ఉంటుందనీ, మందులతో కొంచెం నెమ్మదిస్తుందే గానీ తగ్గదనీ చెప్పింది. బయటికి వచ్చాక అవ్వ, "ఏమన్నది?" అని అడిగింది. "రక్తం తక్కువున్నదట" అని అబద్ధం చెప్పాను.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. ఆమెను పని మానేయమంటే ఏమవుతుందోనని భయపడ్డాను. రోజూ పొద్దున ఆ తువ్వాలు దులిపి చుట్టుకోవడంలోనే ఆమె ప్రాణం ఉందని నాకు తెలుసు. అందుకని నేను చాలా తెలివైన పని అనుకుని ఒక పని చేశాను. హారన్ రిపేరని అవ్వకు చెప్పి, బండిలో పాడైన తెరను బాగు చేయించాను. ఇక నాకు ఎవరి లెక్కా అక్కర్లేదు. కంకర ఎంత పడిందో నా కళ్ల ముందే కనిపిస్తుంది. అవ్వ ఎప్పటిలాగే వచ్చేది, నిలబడేది, లాభం అని మొదలుపెట్టేది. కొన్ని డ్రమ్ములకు సరిగ్గా ఎనిమిదికి చెయ్యెత్తేది. కొన్నింటికి ఎత్తేది కాదు. నేను తెర చూసి ఆపేవాడిని, ఆమె వైపు చూసి తల ఊపేవాడిని. మాల్ బాగుండేది. ఇల్లు కట్టుకునేవాళ్లకు నష్టం లేదు, అవ్వకు బాధ లేదు అనుకున్నాను.

ఈ సంగతి తెలిసింది నా భార్యకొక్కదానికే. "అత్తమ్మకు తెలుస్తది. దాపెట్టకుండ్రి, కూసోబెట్టి జెప్పుండ్రి" అని రెండు మూడుసార్లు అన్నది. "నువ్వు జర నోరు మూసుకుంటే ఏం తెల్వది" అన్నాను. ఇంట్లో నా మాట తీరు అట్లాంటిది. బండి మీద కూర్చునేవాడికి అందరూ కింద ఉన్నట్టు కనిపిస్తారు.

రెండు నెలలు గడిచాయి. చంపాపేట్‌లో మెయిన్ రోడ్డు వెనక ఒక చిన్న ఇంటి స్లాబ్ పడింది. ఆ రోజు అవ్వ హుషారుగా ఉంది. బకెట్‌కు తనే పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. ఇంటామె పేరు, ఆమె పిల్లల పేర్లు అడిగి తెలుసుకుంది, మర్చిపోకుండా మళ్లీ అదే పేర్లతో పిలిచింది. ఇవాళ బాగుందని నేను సంతోషపడ్డాను.

మూడు డ్రమ్ములు సాఫీగా అయిపోయాయి. నాలుగో డ్రమ్ములో ఇసుక పడింది, కంకర మొదలైంది. నాలుగో బకెట్ పడగానే అవ్వ చెయ్యి లేచింది. నేను చూశాను. నిజం చెప్తున్నాను, చూశాను. మరుపు మళ్లీ వచ్చిందనుకున్నాను. తెర మీద సగం బరువే ఉంది. ఐదో బకెట్ ఎత్తాను. ఆరోది ఎత్తాను. అవ్వ చెయ్యి దింపలేదు. నేను ఎనిమిదీ వేసి, డ్రమ్ము తిప్పి, మాల్ లిఫ్టులో పోసేదాకా ఆ చెయ్యి అట్లాగే గాలిలో ఉంది. అప్పుడు నేను ఆమె ముఖం చూశాను. నన్నే చూస్తోంది. ఆ చూపులో మరుపు లేదు.

చెయ్యి మెల్లగా దింపింది. తువ్వాలు విప్పి, దులిపి, నాలుగు మడతలు పెట్టింది. పోయి ఇంటి వాళ్లు వేసిన టెంటు కింద కూర్చుంది. నేను బండి దిగలేదు. స్లాబ్ ఆగకూడదు కదా. ఆ సాకు చేతిలో ఉంది. సాయంత్రం దాకా దిగలేదు.

ఇంటికి ఆటోలో వచ్చాం. సాగర్ రింగ్ రోడ్డు దగ్గర ట్రాఫిక్‌లో ఆటో చాలాసేపు ఆగింది. అవ్వ బయటికి చూస్తూ మాట్లాడింది.

"నాలుగుకే లేపిన చెయ్యి."

నేను చేతిలో ఉన్న బండి తాళాలు జేబులో వేసుకున్నాను.

"కావాల్నని లేపిన. నువ్వు సూసినవ్. ఆపలే."

"నీకు పానం బాగుంటలేదు గదా అవ్వా, అందుకే..."

"నాకెర్క. లెక్క తప్పుతున్నదని నాకు ఎర్కలేదనుకున్నవా? రోజు పండుకునేముందు మనసుల అనుకోని సూస్త. ఒక్కొక్కపారి ఎనిమిదికి పోత. ఒక్కొక్కపారి యాడికి పోతనో నాకే తెల్వది." కొంచెం ఆగింది. "ఒక్క మాట అంటే నేనే ఇంట్ల కూసుంటుంటి కొడుకా. నలుగుర్ల నన్ను ఒట్టిగ నిలబెట్టినవ్."

ఆ మాటకు నేను చేతులు పట్టుకుని ఏడవాల్సింది. కానీ నేను అరిచాను. "నీ కోసమే చేసిన. నీ బాధ సూడలేక చేసిన. అదిగూడ తప్పేనా?" అని ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా అరిచాను. ఆ మర్నాడు పొద్దున నేను బండి తాళాలు తీసుకుంటుంటే ఆమె స్టవ్ దగ్గర కూర్చుని టీ తాగుతోంది. రమ్మని నేను పిలవలేదు. వస్తానని ఆమె అనలేదు.

డాక్టరమ్మ చెప్పిన దానికంటే తొందరగా జరిగిపోయింది. పని ఉన్నన్నాళ్లు ఆమెను ఏదో పట్టి ఉంచింది. ఇంట్లో కూర్చున్న ఏడాదిలోపే మా వీధి మర్చిపోయింది, నా భార్య పేరు మర్చిపోయింది, అన్నం తిన్న సంగతి మర్చిపోయింది. నాయన పొలం నుంచి ఇంకా రాలేదని తలుపు దగ్గర కూర్చునేది. నన్ను కొన్నాళ్లు కొడుకా అన్నది. తర్వాత ఎవరో ఒకాయన అనుకున్నది. నా భార్య విసుక్కోకుండా స్నానం చేయించేది, జడ వేసేది. నేను పని ఎక్కువైందని చెప్పి పొద్దున్నే పోయి చీకటి పడ్డాక వచ్చేవాడిని. పని నిజంగానే ఎక్కువగా ఉండేది. అయినా ఆమె నన్ను గుర్తుపట్టని ఇంట్లో ఉండడం నాకు చేతకాలేదు. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఒకనాడు పొద్దున వనస్థలిపురంలో పెద్ద స్లాబ్ ఉంది. ఆలస్యమైపోయింది. ఫోన్‌లో మాట్లాడుకుంటూ వాకిట్లోకి వచ్చాను. అవ్వ గేటుకు అడ్డంగా నిలబడి ఉంది. కొంగు నడుముకు దోపుకుంది. నన్ను చూసి రెండు చేతులూ జోడించింది.

"సారూ, ఇయ్యాల పనున్నదా?"

నాకు అర్థం కాలేదు. "ఏం పని?" అన్నాను.

"ఏదైనా జేస్త సారు. కంకర మోస్త. నాకు లెక్క చెప్పుడుగూడ వస్తది. అడుగుండ్రి కావాల్నంటే."

రా అనొచ్చు. బండిలో నా పక్కన కూర్చోబెట్టుకుని తీసుకుపోవచ్చు. ఒక కుర్చీ వేసి కుప్ప దగ్గర కూర్చోబెడితే ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఇవన్నీ నాకు తర్వాత తోచాయి. ఆ క్షణాన చెవి దగ్గర ఫోన్ ఉంది, అవతల స్లాబ్ వాళ్లు అరుస్తున్నారు. ఎల్బీనగర్ చౌరస్తాలో రోజూ పొద్దున పని కోసం ఆడవాళ్లు నిలబడతారు. బండి ఆపితే నా చుట్టూ మూగుతారు. ఇద్దరిని ఎక్కించుకుని మిగతావాళ్లకు రోజూ ఒకే మాట చెప్తాను. ఆ మాటే నా నోటికి వచ్చేసింది.

"ఇయ్యాల మంది సరిపోయిండ్రు. రేపు సూద్దాం."

అవ్వ బతిమాలలేదు. చౌరస్తాలో ఏళ్లకేళ్లు నిలబడినవాళ్లు బతిమాలరు. బతిమాలితే మేస్త్రికి విసుగొచ్చి రేపటి పని కూడా పోతుందని వాళ్లకు తెలుసు. "మంచిది సారు. రేపు జర నన్ను యాది పెట్టుకోండ్రి" అన్నది. నాకు దారి ఇస్తూ గోడ పక్కకు జరిగి నిలబడింది. నేను పోయాను.

ఆ రోజు వనస్థలిపురంలో ఎన్ని డ్రమ్ములు పోశానో, ఏం తిన్నానో గుర్తులేదు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె నిద్రపోతోంది. మర్నాడు పనులన్నీ ఆపేసి, పొద్దున్నే వాకిట్లో నిలబడ్డాను. మళ్లీ వచ్చి అడుగుతుందని ఎదురుచూశాను. చాలాసేపు చూశాను, రాలేదు. లోపలికి పోతే మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. నేను ముందుకు పోయి నేల మీద కూర్చున్నాను.

"పనున్నది. లెక్క చెప్పే మనిషి కావాలె. ఒస్తవా?" అని అడిగాను.

అవ్వ రెండు చేతులూ జోడించింది.

"నాకు లెక్క రాదు సారూ" అన్నది.